విక్రమార్కుణ్ని మోసిన భుజాలు ఎవరివి?

"ఏటి బాబూ, బొమ్మలేసుకుని బతికేద్దామనే?"

నెల్లిమర్లలో గానీ, గరివిడిలో గానీ, ఇంకాస్త అవతల చీపురుపల్లిలో గానీ నోటుపుస్తకం వెనక పేజీల్లో సూపర్ హీరోలని గీసుకునే కుర్రాళ్లకీ, అమ్మాయిలకీ ఈ ప్రశ్న కొత్తేం కాదు. అడిగేవాళ్లకి మన మీద కోపం ఉండదు, భయం ఉంటుంది. ఆ భయానికి జవాబు చెప్పాలంటే ముందు ఈ రంగంలో ఎవరు ఎలా బతికారో మీకు తెలియాలి. అందుకు అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. మీ తాతయ్య చదివిన 'చందమామ' చాలు.

సూపర్ హీరో అనగానే స్పైడర్‌మ్యాన్ గుర్తొస్తాడు కదా. ఒకసారి ఈయన్ని కూడా చూడండి. అర్ధరాత్రి శ్మశానంలో ఒంటరిగా నడుస్తాడు. చేతిలో కత్తి, భుజాన శవం. ఆ శవంలో మాట్లాడే బేతాళుడు. భయం లేదు, విసుగు లేదు, పట్టిన పట్టు విడవడం అసలే లేదు. మాస్కు లేదన్న మాటే గానీ సూపర్ హీరోకి కావలసిన సరంజామా అంతా విక్రమార్కుడి దగ్గరుంది. 'చందమామ'లో ఆయన దశాబ్దాల పాటు నెలనెలా కనిపించాడు. ఇది కామిక్ కాదు, బొమ్మల కథే. కానీ ఒక హీరో ఇన్నేళ్లు ఎలా బతుకుతాడో, అతణ్ని బతికించిన వాళ్లకు చివరికి ఏం మిగులుతుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా దగ్గరి పాఠం మనకు దొరకదు.

ఇరవై అయిదు కథలు ఎలా పెరిగాయి?

బేతాళ కథలకు మూలం సంస్కృతంలో ఉంది. 11వ శతాబ్దంలో కశ్మీరుకు చెందిన సోమదేవుడు రాసిన 'కథాసరిత్సాగరం'లో ఇవి 25 మాత్రమే. రాజు శవాన్ని భుజాన వేసుకుంటాడు. బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెప్తే మౌనం చెడి, శవం మళ్లీ చెట్టెక్కేస్తుంది. పాత కథలో చివరి ప్రశ్నకు రాజు దగ్గర జవాబుండదు. దాంతో ఆ తిరుగుడు ఆగుతుంది.

'చందమామ' వాళ్లు పట్టుకున్న కిటుకు ఇక్కడుంది. ఆ చివరి ప్రశ్నను వాయిదా వేస్తూ పోతే కథ ఎప్పటికీ అయిపోదు! మొదలు అదే, ముగింపు అదే. మధ్యలో కథ ఏదైనా పెట్టొచ్చు. అలా పాతిక కథల చట్రంలో వందల కొత్త కథలు పుట్టాయి. కొన్ని పాఠకులు రాసి పంపినవి, సంపాదకవర్గం సానబెట్టినవి.

అమెరికా సూపర్ హీరోల కిటుకూ ఇంచుమించు ఇదే. సూపర్‌మ్యాన్ 1938లో 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో వచ్చాడు. అదే పత్రిక వెయ్యో సంచిక 2018 ఏప్రిల్‌లో విడుదలైంది. ఎనభై ఏళ్లలో రచయితలు మారారు, చిత్రకారులు మారారు. హీరో మాత్రం ముసలివాడవలేదు. ఎవరు వచ్చి పట్టుకున్నా నడిచే చట్రం ఉంటేనే సిరీస్ నిలబడుతుంది. మీరు హీరోని సృష్టిస్తున్నారంటే మొదట ఆలోచించాల్సింది అతని డ్రెస్ గురించి కాదు, నెలనెలా అతనికి ఎదురయ్యే చిక్కు ఏమిటన్నది.

మద్రాసులో పత్రిక, కశింకోటలో చిత్రకారుడు

'చందమామ' మొదటి సంచిక 1947 జులైలో మద్రాసు నుంచి తెలుగు, తమిళ భాషల్లో వచ్చింది. స్థాపించింది బి. నాగిరెడ్డి, చక్రపాణి. 'పాతాళభైరవి', 'మాయాబజార్' తీసిన విజయా సంస్థ వాళ్లే. తర్వాత్తర్వాత పత్రిక పన్నెండుకు పైగా భాషలకు పాకింది. 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వం చూశారు. ఎవరి కథ వచ్చినా తిరగరాసి, పిల్లలకు అర్థమయ్యే ఒకే రకం తెలుగులోకి తేవడం ఆయన పద్ధతి. తెలుగులో సిద్ధమైన కథ మిగతా భాషల్లోకి వెళ్లేది. బొమ్మలు మాత్రం అన్నిటికీ అవే.

అంటే ఒక చిత్రకారుడు గీసిన బొమ్మను ఒకే నెలలో దేశంలో ఎన్నో భాషల పిల్లలు చూసేవారు. శవాన్ని మోస్తున్న విక్రమార్కుడి రూపం మనకు గుర్తుండిపోవడానికి కారణం శంకర్. అసలు పేరు కె.సి. శివశంకరన్. మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో చదువుకుని 1950ల మొదట్లో 'చందమామ'లో చేరారు. 2020 సెప్టెంబరులో కన్నుమూశారు. మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది.

ఇక మన వైపు మనిషి ఒకాయన ఉన్నారు. వడ్డాది పాపయ్య. 'వపా' అంటే పెద్దవాళ్లు వెంటనే పోల్చుకుంటారు. 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. బొమ్మలు నేర్పింది తండ్రి. అనకాపల్లి దగ్గరి కశింకోటలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేస్తూ 'చందమామ', 'యువ' పత్రికలకు అట్టమీద బొమ్మలు వేశారు. మీ నెల్లిమర్ల స్టేషన్లో నిలబడితే రైలు ఒక పక్క ఆయన పుట్టిన ఊరి వైపు, రెండో పక్క ఆయన బతికిన ఊరి వైపు పోతుంది. ఇంటర్నెట్ లేని కాలంలో ఒక పల్లెటూరి బడి మాస్టారు చేసిన పని ఇది. చిన్న ఊరు కాబట్టి అవకాశం రాదు అనుకునేవాళ్లు ఈ ఒక్క పేరు గుర్తుపెట్టుకుంటే చాలు.

బొమ్మకు సంతకం, సీరియల్‌కు లేదు

ఆ పాత సంచికలు ఇంట్లో ఉంటే తీసి చూడండి. బొమ్మ మూల 'శంకర్' అనో 'చిత్రా' అనో 'వపా' అనో ఉంటుంది. జానపద సీరియళ్లలో రచయిత పేరు కోసం వెతకండి. దొరకదు. 'తోకచుక్క', 'మకరదేవత', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ'... రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. 1952లో చేరి యాభై ఏళ్లకు పైగా అక్కడే పనిచేశారు. రాజకుమారులు, మాంత్రికులు, రాక్షసులతో రెండు మూడు తరాల పిల్లల చేత నెలాఖరు దాకా ఎదురుచూపులు చూపించిన మనిషి పేరు చాలామంది పాఠకులకు తెలియనే తెలియదు. 2010లో ఆయన పోయాక అభిమానులు పూనుకోవడంతో ఆ సీరియళ్లు ఆయన పేరుతో పుస్తకాలుగా వచ్చాయి.

పత్రిక సంగతీ చూడండి. 1998లో కార్మిక వివాదంతో ఆగింది. జూట్ మిల్లు ఉన్న ఊరివాళ్లకి అలాంటి ఆగిపోవడం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఏడాది తర్వాత మళ్లీ మొదలైంది. 2007లో ముంబయికి చెందిన జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ కొంది. 2013 వచ్చేసరికి అచ్చు నిలిచిపోయింది. తర్వాత ఆ సంస్థే మూతపడింది. అభిమానం తరగకపోయినా పత్రిక ఆగిపోగలదన్నమాట. పత్రికలు చేతులు మారతాయి, కంపెనీలు పోతాయి. అప్పుడు గీసిన చేతికి, రాసిన చేతికి మిగిలేది కాగితం మీద ఏం రాసుకున్నారో అదే.

నూటముప్పై డాలర్ల చెక్కు

ఇది మన దగ్గరి కథే అనుకోకండి. సూపర్‌మ్యాన్‌ను సృష్టించింది జెర్రీ సీగెల్, జో షుస్టర్. క్లీవ్‌లాండ్‌లో హైస్కూలు స్నేహితులు. 1938లో హీరో మీద హక్కులన్నీ ప్రచురణకర్తకు ఇచ్చేసినందుకు ఇద్దరికీ కలిపి దక్కింది 130 డాలర్లు. తర్వాత ఆ హీరో కోట్లు సంపాదించాడు. వీళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. 1975లో, సూపర్‌మ్యాన్ సినిమా తయారవుతున్న రోజుల్లో, విమర్శలకు తలొగ్గి సంస్థ ఒక్కొక్కరికీ ఏడాదికి 20,000 డాలర్లు ఇవ్వడానికి, వాళ్ల పేర్లు వేయడానికి ఒప్పుకుంది. కొసమెరుపేంటంటే, ఆ పాత చెక్కు కాగితాన్ని 2012లో వేలం వేస్తే 1,60,000 డాలర్లు పలికింది!

దీన్ని చూసి నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. 1992లో టాడ్ మెక్‌ఫార్లేన్, జిమ్ లీ తదితర ఏడుగురు చిత్రకారులు మార్వెల్ పని వదిలి 'ఇమేజ్ కామిక్స్' పెట్టుకున్నారు. హీరో ఎవరు సృష్టిస్తే వాళ్లదే అన్నది అక్కడి నియమం. ఆ ఏడాదే మొదలైన మెక్‌ఫార్లేన్ 'స్పాన్' 2019లో 301వ సంచికకు చేరి, సృష్టికర్త చేతిలోనే ఉన్న సూపర్ హీరో కామిక్స్‌లో ఎక్కువ కాలం నడిచినదిగా గిన్నిస్ రికార్డు అందుకుంది.

సంతకం పెట్టే ముందు

మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ఉంది. బొమ్మలు వేసేవాళ్లు, కథలు రాసేవాళ్లు ఈ నాలుగు సంగతులు తెలుసుకుని ఉండాలి.

ఒకటి, హక్కులు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి, మీ సంతకం ఉండాలి. ఫోనులో "సరే సార్" అన్నంత మాత్రాన అయిపోదు.

రెండు, ఎన్నేళ్లకు ఇస్తున్నారో ఒప్పందంలో రాయకపోతే 5 ఏళ్లకే ఇచ్చినట్టు. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. అందుకే "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అనే మాటలు కనిపిస్తే ఆగి రెండోసారి చదవండి.

మూడు, పత్రికలో ఉద్యోగిగా ఉంటూ దాని కోసం చేసిన రచనకు, బొమ్మకు వేరే ఒప్పందమేదీ లేకపోతే, పత్రికలో ప్రచురణ వరకే యజమానికి హక్కు. మిగతాది సృష్టికర్తదే. ఇతర ఉద్యోగాల్లో మాత్రం, ఒప్పందం వేరేగా లేకపోతే, హక్కు సంస్థదే. చేరేటప్పుడు ఇచ్చే కాగితాల్లో ఈ విషయం ఏముందో చూడండి.

నాలుగు, హక్కులు అమ్మేసినా "ఇది చేసింది నేను" అని చెప్పుకునే హక్కును చట్టం విడిగా కాపాడుతుంది.

పెద్ద మొత్తం చేతులు మారే ఒప్పందమైతే వకీలుకు చూపించడం మంచిది. ఆ ఫీజు దండగ కాదు.

మరి మొదలెట్టేదెలా?

చదువు సంగతి ముందు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ కోర్సులున్నాయి. డిజైన్ వైపు వెళ్లాలంటే ఎన్ఐడీ వాళ్లు డాట్, ఐఐటీల బీడిజైన్‌కు యూసీడ్ పరీక్ష పెడతారు. ఇంటర్ ఏ గ్రూపు చదివినా యూసీడ్ రాయొచ్చు. నోటిఫికేషన్ల కోసం ఆయా సంస్థల వెబ్‌సైట్లు చూస్తుండండి.

కామిక్ ఒక్కరి పని కాదని కూడా తెలుసుకోండి. స్క్రిప్టు, పెన్సిల్ గీత, ఇంకు, రంగులు, అక్షరాలు... ఒక్కోదానికీ ఒక్కో నిపుణుడు ఉంటాడు. బొమ్మలు రాకపోయినా తెలుగు బాగా వస్తే చోటుంది. తెలుగు అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరుసకీ వరుసకీ మధ్య ఎక్కువ జాగా కావాలి. ఇంగ్లిష్‌కి గీసిన బుడగలో తెలుగు మాటలు కూరితే చదవలేం. ఇది తెలిసి బుడగ గీసేవాడికి విలువ ఉంటుంది.

మహాకావ్యాలతో మొదలుపెట్టకండి. ఎనిమిది పేజీల కథ ఒకటి పూర్తి చేయండి. ఎనభై పేజీల సగం కథ కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది. హీరో కొత్తగా తట్టకపోతే విక్రమార్కుణ్నే తీసుకోండి. సోమదేవుడి కథలు ఇప్పుడు ఎవరి ఆస్తీ కావు, అందరివీ. శంకర్ గీసిన రూపం మాత్రం కాపీ కొట్టకూడదు. మీ విక్రమార్కుడు మీకు మల్లే ఉండనివ్వండి. రాత్రిపూట చంపావతి ఇసకలో నడుస్తాడో, రామతీర్థం కొండెక్కుతాడో, మిల్లు గేటు ముందు నిలబడి బేతాళుడి ప్రశ్నకు జవాబు వెతుక్కుంటాడో, అది మీ ఇష్టం.

ఎనిమిదో పేజీ అయిపోయాక కింద మీ పేరు రాయండి, తారీఖు వేయండి. స్కాన్ చేసి ఒక కాపీ దాచుకోండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్లు మళ్లీ "బొమ్మలేసుకుని బతికేద్దామనే?" అంటే ఆ పేజీలు వాళ్ల చేతిలో పెట్టండి. వపా గురించి చెప్పండి, ఆ 130 డాలర్ల చెక్కు గురించీ చెప్పండి. దారి ఎంత కష్టమో తెలిసే ఇటు వస్తున్నావని అర్థమైతే వాళ్ల భయం సగం తగ్గుతుంది. మిగతా సగం తగ్గించాల్సింది మీ తొమ్మిదో పేజీ.