ముప్పై ఒక్క రోజుల సిరా దీక్ష

అక్టోబరు నెల 31 రోజులూ రోజుకొక బొమ్మ చొప్పున సిరాతో గీయడం ఇప్పుడు అనేక దేశాల్లో ఒక వ్రతం వలె సాగుతున్నది. సిరాకు ఇంగ్లీషులో ఉన్న పేరును నెల పేరుతో కలిపి దీనిని ‘ఇంక్‌టోబర్’ అంటున్నారు. అమెరికా చిత్రకారుడు జేక్ పార్కర్ 2009లో దీనిని మొదలుపెట్టాడు. సిరా పనిలో చేయి తిరగాలి, రోజూ గీసే అలవాటు కావాలి అన్నదే ఆయన ఉద్దేశం. 2016 నుండి రోజుకొక మాటతో జాబితా కూడా వస్తున్నది. దానిని అనుసరించవచ్చు, లేదా సొంత విషయాలు తీసుకోవచ్చు.

నియమాలు కొద్దే. ముందుగా పెన్సిలుతో గీసుకోవచ్చు గాని పూర్తి బొమ్మ సిరాతోనే ఉండాలి. గీసినది నలుగురికీ చూపాలి. మరునాడు మళ్లీ కూర్చోవాలి. అంత తీరిక లేనివారు రోజు విడిచి రోజు గాని, వారానికి ఒకటి గాని వేసినా సరిపోతుంది.

నెల రోజులు రోజూ గీయడం మన జాతికి కొత్త కాదు. ధనుర్మాసంలో ఆంధ్రదేశపు స్త్రీలు సంక్రాంతి వరకు ప్రతి ఉదయం వాకిట ముగ్గు వేస్తారు. రోజూ వేయడం వల్లనే ఆ చేతికి ధైర్యం వస్తుంది. సిరా దీక్షలోని మర్మమూ అదే.

పెన్సిలు గీతను చెరపవచ్చు, సిరా గీతను చెరపలేము. కనుక గీయకముందే కన్ను బాగా చూడాలి. సిరాలో నలుపు, కాగితంలో తెలుపు తప్ప నడుమ బూడిదరంగు లేదు. నీడ కావలసిన చోట గీతలను దగ్గర దగ్గరగా వేయాలి. ఇంకా చిక్కని నీడకు వాటిపై అడ్డుగీతలు వేయాలి. మెత్తని నీడకు చుక్కలు పెట్టాలి. వెలుగు పడే చోట కాగితాన్ని అలాగే వదలాలి. మన చెరకు తోటల్లో పోగుపెట్టిన నల్లరాళ్ల గుట్టలు ఈ సాధనకు చాలా మంచివి. పీటర్ బోత్ కొండ, దాని తలపై ఉన్న గుండు కూడా తేలికగా పట్టుబడే ఆకారాలు.

సామగ్రికి ఎక్కువ ఖర్చు అక్కరలేదు. ఇండియా సిరా దీపపు మసి వంటి నల్లపొడిని జిగురులో కలిపి చేసినది, ఎండకు వెలవదు. దీనిని ముంచి వ్రాసే పాళీతో గాని కుంచెతో గాని వాడాలి. ఫౌంటెన్ పెన్నులో పోస్తే గట్టిపడి పెన్ను పాడవుతుంది. ఫౌంటెన్ పెన్ను సిరా చాలావరకు రంగునీరే కనుక కాలక్రమాన వెలిసిపోతుంది. ఆఫీసుల్లో వాడే 80 గ్రాముల కాగితంపై సిరా పాకుతుంది. 150 గ్రాములకు తగ్గని మందపు కాగితం తీసుకోవాలి. మన మారిషస్‌లో అక్టోబరు వానలు తక్కువ నెల, సిరా త్వరగా ఆరుతుంది.

చాలామంది రెండవ వారంలో మానేస్తారు. అందుచేత అరచేతి ప్రమాణపు కాగితమే తీసుకోండి, ఇరవై నిమిషాలకు మించి కూర్చోకండి. ఏ రోజు ఏమి గీయాలో నెల మొదలు కాకముందే వ్రాసి పెట్టుకోండి. ఒక రోజు తప్పితే మరునాడు రెండు వేయవద్దు, ఆ రోజు బొమ్మ వేస్తే చాలు.

మా సాయంకాలపు తెలుగు తరగతిలో ఈ దీక్షకు ఒక నియమం చేర్చాము. ప్రతి బొమ్మ క్రింద ఆ వస్తువు పేరును తెలుగు లిపిలో సిరాతోనే వ్రాయాలి. ఆ పేరును ఇంట్లోని పెద్దలను అడిగి తేవాలి. పిల్లలు ఇంట్లో క్రియోల్ మాట్లాడతారు. మసాలా నూరే రాయి వారికి ‘రోష్ కారీ’. దానికి సన్నికల్లు అనీ, పైన నూరే రాయికి పొత్రం అనీ పేర్లున్నట్లు మా తరగతిలో చాలామందికి తెలియదు. పొత్రం అనే మాట ఒకే ఒక అవ్వ నోటి నుండి వచ్చింది. ‘బ్రెడ్ మురుమ్’ మునగాకు అని, ‘కారిపులే’ కరివేపాకు అని, ‘జాక్’ పనస అని ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. ఎవరి ఇంటి నుండీ పేరు రాని వస్తువులూ ఉన్నాయి. అడగడం ఆలస్యమైతే మిగిలిన మాటలకూ అదే గతి పడుతుంది. అందుకే మేము తొందరపడుతున్నాము.

గీతకూ అక్షరానికీ చుట్టరికం ఎంతటిదో బాపు గారు (1933–2014) చూపారు. కొద్ది గీతలతో మనిషిని నిలబెట్టిన ఆ చేతి వ్రాతే నేడు తెలుగు అచ్చక్షరాలకు ఒక రూపమైనది. రోజూ గీసే పిల్లవాడి చేతికి ‘ఝ’, ‘ఋ’ వంటి అక్షరాల వంపులు కష్టమనిపించవు.

మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో మన పూర్వుల వలస దస్తరాలు భద్రంగా ఉన్నాయి. వాటిలో వారి పేర్లను గుమాస్తాలు తమ చెవికి వినబడినట్లు పరాయి లిపిలో వ్రాశారు. వ్రాయడం రాని మనవారు సంతకానికి బదులు గుర్తు పెట్టారు. వారి మునిమనుమలు తమ ఇంటి రోలునూ చేటనూ తామే గీసి, తామే పేరు వ్రాయగలిగితే అది చిన్న సంగతి కాదు.

వచ్చే అక్టోబరుకు ప్రతి ఇంటా ఒక సిరాబుడ్డి, ముప్పై ఒక్క కాగితాలు సిద్ధం చేసుకుందాము. ముందుగా అవ్వ దగ్గర, తాత దగ్గర కూర్చుని ముప్పై ఒక్క పేర్లు అడిగి వ్రాసుకుందాము.