నోట నలిగిన మాట

స్కాట్లాండ్ పల్లెల్లో ఒకప్పుడు పిల్లలు ‘క్యారిచ్’ అప్పజెప్పేవాళ్లు. క్రైస్తవ మతబోధను ప్రశ్నలూ జవాబులుగా నేర్పే చిన్న పుస్తకాన్ని ఇంగ్లిషులో క్యాటికిజం అంటారు. స్కాట్స్ భాషలో దాని పేరే క్యారిచ్. పైపైన చూస్తే ఇది చదువురాని నోళ్లలో పడి చెడిపోయిన మాటలా కనిపిస్తుంది. నా దృష్టిలో అది చెడిపోలేదు, ఇంటి మాట అయింది. పైనుంచి దిగివచ్చిన పుస్తకాన్ని జనం తమది చేసుకున్నారనడానికి ఆ మాట రూపమే సాక్ష్యం.

ఆ రూపం ఎలా వచ్చిందో చూడండి. గ్రీకులో క్యాటికిజం అనే మాట మూలానికి చెవిన వేసి నేర్పడం అని అర్థం; ప్రతిధ్వనిని చెప్పే ‘ఎకో’తో దీనికి చుట్టరికం ఉంది. స్కాట్లాండ్‌లో ఈ మాటకు జరిగిందంతా చెవి చేసిన పనే. నడిమి టకారం రకారమైంది. ఇదేమీ వింత కాదు, ఫ్రెంచి ‘పాటేజ్’ నోళ్లలో నలిగి ‘పారిడ్జ్’ అయిన దారీ ఇదే. అసలు విశేషం చివర్లో ఉంది. మాట మొదట ‘క్యారిచెస్’గా వినిపించేది. దాని చివరి ‘ఎస్’ తోకను జనం బహువచనం అనుకున్నారు. అలాగైతే ఒక్కటి క్యారిచ్ అయి ఉండాలని తోక తీసేశారు. ఫ్రెంచి నుంచి వచ్చిన ‘చెరీజ్’ను ఇలాగే బహువచనమనుకుని ఇంగ్లిషువాళ్లు ‘చెర్రీ’ని పుట్టించారు. అక్షరాలు చూసి నేర్చుకున్నవాడికి మాట ఇలా మారదు. విని, పదేపదే పలికి, దాన్ని తన వ్యాకరణంలోకి లాక్కున్నవాడికే మారుతుంది.

లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ సభ 1647లో పూర్తిచేసిన చిన్న క్యాటికిజంలో 107 ప్రశ్నలున్నాయి. స్కాట్లాండ్ చర్చి 1648లో దాన్ని ఆమోదించింది. ప్రతి పారిష్ (ఒక చర్చి పరిధి)లోనూ బడి ఉండాలని 1696లో అక్కడి పార్లమెంటు చట్టం చేసింది. ఆ బడిలో చదువు నేర్పిన పుస్తకాల్లో ఇదొకటి. అక్షరమాలతో కలిపి కూడా అచ్చువేసేవారు. ఇక్కడే నన్ను ఆలోచనలో పడేసే విషయం ఒకటుంది. ఆ ప్రశ్నలూ జవాబులూ ఇంగ్లిషులో ఉన్నాయి, స్కాట్స్‌లో కాదు. బైబిలూ అంతే, లోరిమర్ అనే పండితుడు గ్రీకు నుంచి నేరుగా స్కాట్స్‌లోకి తెచ్చిన కొత్త నిబంధన అచ్చు కావడానికి 1983 దాకా ఆగాల్సి వచ్చింది. మన సంగతి వేరు. 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలేలో బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ అచ్చువేయించిన తొలి తెలుగు పుస్తకాల్లో లూథర్ క్యాటికిజం ఉంది, జవాబులతో సహా తెలుగులో. స్కాట్లాండ్ పిల్లవాడికి ఆ వీలు లేకపోయింది. పాఠం పరభాషలో ఒప్పజెప్పినా, పుస్తకాన్ని పిలిచేటప్పుడు మాత్రం తన భాషలో పిలిచాడు.

ఇదంతా బలవంతపు చదువే కదా, తమది చేసుకున్నారని ఎలా అంటారు అని అడగవచ్చు. బలవంతం నిజమే. పాస్టర్లు ఇళ్లకు వచ్చి పెద్దవాళ్లను కూడా పరీక్షించేవారు. జవాబు రాకపోతే పదిమందిలో తలవంపు. అర్థం కాకుండా వల్లెవేసినవాళ్లూ ఎందరో ఉంటారు. అయితే ఆ బాధ కూడా మాటలోకి ఎక్కింది. ఒకరికి ‘వాళ్ల క్యారిచ్ ఇవ్వడం’ అంటే నిలదీసి గట్టిగా మందలించడం. దీవెనకు వేసే అక్షింతలు మన నోట తిట్లు కాలేదా? పై అధికారి అక్షింతలు వేశాడంటే పెళ్లి గుర్తొచ్చేవాళ్లు లేరు. పరాయిగా మిగిలిపోయిన మాటకు ఇలాంటి కొత్త అర్థం మొలవదు. రోజూ నోట ఆడే మాటకే జనం తమ అనుభవాన్ని, అది చేదైనా సరే, తగిలిస్తారు. భయంతో మొదలైనదీ సొంతం కావచ్చు. బలవంతాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. దాని కింద నలిగినవాళ్లు ఆ పేరుతో తమకు కావలసింది తాము చేసుకున్నారని మాత్రమే అంటున్నాను.

చదువురానివాళ్ల పొరపాటు అని తేల్చేసేవారు మరిచే పుస్తకం ఇంకొకటుంది. డండీలో పాస్టరుగా ఉన్న జాన్ విలిసన్ 18వ శతాబ్దంలో పసిపిల్లల కోసం మరీ చిన్న ప్రశ్నలతో ఒక క్యాటికిజం రాశాడు. 107 ప్రశ్నల పుస్తకం చేతికి రాకముందే, ఇంట్లో తల్లి అడిగి చెప్పించడానికి ఉద్దేశించింది అది. జనం దాన్ని తల్లి క్యారిచ్ అన్నారు.