రాత పరీక్ష గట్టెక్కారు... మరి బీపీ?

రాత పరీక్ష అయింది. సర్టిఫికెట్ల పరిశీలనా ముగిసింది. ఇక మిగిలింది వైద్య పరీక్షే. చూపు బాగుంది, రంగులు గుర్తుపడుతున్నారు, ఒంట్లో ఏ నలతా లేదు. తీరా చేతికి పట్టీ చుట్టి చూస్తే 150/96 అని వచ్చిందనుకోండి! ‘ఇరవై రెండేళ్లకే బీపీ ఏంటి?’ అనిపిస్తుంది. వయసు తక్కువని బీపీ ఎవర్నీ వదిలిపెట్టదు. అందుకే చదువుతో పాటు ఈ అంకె మీదా ఇప్పటినుంచే ఓ కన్నేసి ఉంచండి.

మౌలాలి కుర్రాళ్లకు ఇది మరీ దగ్గరి విషయం. దక్షిణ మధ్య రైల్వే జోనల్ శిక్షణ సంస్థ, లోకో షెడ్ ఇక్కడే ఉన్నాయి. పక్కనే ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీ, నాచారం, చర్లపల్లి పారిశ్రామికవాడలు. రైల్వే కొలువు కోసం రాత్రిళ్లు చదివేవాళ్లు, షిఫ్టుల్లో పనిచేసి పగలు పడుకునేవాళ్లు ఒకే వీధిలో ఉంటారు. అసిస్టెంట్ లోకో పైలట్‌కు కావాల్సిన ఏ-1 వైద్య ప్రమాణం రైల్వేలో అన్నిటికంటే కఠినమైంది. స్టేషన్ మాస్టర్‌కు ఏ-2 ఉండాలి. వీటి గురించి మాట్లాడేటప్పుడు అందరి దృష్టీ కంటిచూపు మీదే. బీపీ సంగతి చాలామందికి గుర్తే రాదు. కొలువులో చేరాక కూడా రైలు నడిపే సిబ్బందికి కొన్నేళ్లకోసారి వైద్య పరీక్షలు తప్పవు. వందలమంది ప్రాణాలు వాళ్ల చేతిలో ఉంటాయి మరి.

మీ తలుపు ఎవరూ తట్టరు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 24 శాతం, ఆడవాళ్లలో 21 శాతం మందికి బీపీ ఎక్కువగా ఉంది, లేదా దానికి మందులు వాడుతున్నారు. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి చేసే పరీక్షలేమో 30 ఏళ్లు దాటినవాళ్లకే. అంటే మీ వయసులో మీరే వెళ్లి చూపించుకోవాలి. పైగా బీపీకి చాలాసార్లు ఏ లక్షణమూ ఉండదు. తలనొప్పి వస్తేనే బీపీ అనుకుంటే పొరపాటే. లోపల మాత్రం గుండె, మెదడు, కిడ్నీలు, కంటి రక్తనాళాల మీద ఏళ్ల తరబడి ఒత్తిడి పడుతూనే ఉంటుంది.

అంకె ఎంతుండాలి?

120/80 లోపు ఉంటే మంచిది. ఆసుపత్రిలో వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 లేదా అంతకు మించి వస్తుంటే అధిక రక్తపోటు. ఇంట్లో కొలిస్తే 135/85 నుంచే లెక్క. మధ్యలో ఉన్నవాళ్లకు జబ్బు లేకపోయినా అలవాట్లు మార్చుకోవాల్సిన సమయం వచ్చిందని అర్థం. ఒక్కసారి ఎక్కువ వచ్చిందని బెంబేలెత్తకండి. డాక్టర్‌ని చూడగానే బీపీ పెరిగేవాళ్లు బోలెడుమంది.

కొలిచే పద్ధతి కూడా ముఖ్యమే:

• అరగంట ముందునుంచి టీ, కాఫీ, సిగరెట్, వ్యాయామం వద్దు. మూత్రానికి వెళ్లి రండి.

• వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి ఐదు నిమిషాలు నెమ్మదిగా కూర్చోండి. కాలు మీద కాలు వేసుకోవద్దు.

• చేయి గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ చొక్కా మీద కాదు, ఒంటి మీదే చుట్టాలి. కొలిచేటప్పుడు మాట్లాడొద్దు.

• నిమిషం ఆగి రెండోసారి చూడండి. రెండు అంకెలూ తేదీతో సహా రాసిపెట్టుకోండి.

ఎక్కడినుంచి పెరుగుతోంది?

ముందు ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపే అంటోంది. అంటే ఇంచుమించు ఒక చిన్న చెంచా. హాస్టల్ గదిలో పొద్దున ఇడ్లీతో పచ్చడి, మధ్యాహ్నం పప్పులోకి ఆవకాయ, అప్పడం, రాత్రి చదువుకుంటూ నూడుల్స్, మిక్స్చర్. ఇక చెంచా ఎప్పుడో దాటిపోయినట్టే. సైంధవ లవణం వాడితే ఫర్వాలేదనుకోకండి, అందులోనూ ఉండేది ప్రధానంగా సోడియమే. ఊరగాయ మానలేకపోతే రోజూ కాకుండా వారానికి రెండు రోజులు పెట్టుకోండి. మజ్జిగలో ఉప్పు తగ్గించి నిమ్మరసం, కొత్తిమీర వేసుకోండి. ఆకుకూరలు, పళ్లు పెంచండి.

తర్వాత నిద్ర. పరీక్షల పేరుతో నాలుగైదు గంటలే పడుకుంటే, మెలకువ కోసం ఎనర్జీ డ్రింకులు, సిగరెట్లు తోడైతే బీపీ పెరగక ఏం చేస్తుంది? మద్యం, జిమ్‌లో ఎవరో ఇచ్చే స్టెరాయిడ్లు, సొంతంగా రోజుల తరబడి మింగే నొప్పి మాత్రలు కూడా పెంచుతాయి. గట్టిగా గురక పెడుతూ, ఎంత పడుకున్నా పగలు తూగుతుంటే అదీ డాక్టర్‌కి చెప్పాల్సిన సంగతే.

బరువు ఎక్కువుంటే ప్రతి కిలో తగ్గినందుకూ బీపీ దాదాపు ఒక పాయింటు తగ్గుతుంది. వారానికి 150 నిమిషాల చురుకైన నడక చాలు. జిమ్‌కి డబ్బులు లేవా? మౌలాలి గుట్ట మెట్లున్నాయిగా! మెల్లగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి.

ముందురోజు మాత్రలు వద్దు

వైద్య పరీక్షకు ముందురోజు ‘ఈ మాత్ర వేసుకో, బీపీ దిగిపోతుంది’ అని సలహా ఇచ్చేవాళ్లు ఎదురవుతారు. వినకండి. అమాంతం బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. అసలు జబ్బు ఉంటే అది దాచినట్టవుతుంది తప్ప పోదు. నోటిఫికేషన్ రాగానే బీపీ చూపించుకుంటే సరిదిద్దుకోవడానికి నెలల సమయం దొరుకుతుంది. పరీక్ష ముందురోజు రాత్రి కంటినిండా పడుకోండి. పొద్దున కాస్త ముందే వెళ్లి స్థిమితంగా కూర్చోండి.

ఉందని తేలితే?

జీవితం అయిపోలేదు. చిన్న వయసులో బీపీ వస్తే కిడ్నీలు, థైరాయిడ్ లాంటి కారణాలేమైనా ఉన్నాయేమో డాక్టర్ పరీక్షలు చేయిస్తారు. కారణం దొరికితే దానికే వైద్యం. లేకపోతే అలవాట్లు, అవసరమైతే మందులు. అంకె దిగింది కదా అని మందు మీ అంతట మీరే ఆపొద్దు, అది దిగింది మందు వల్లే. 180/120 దాటి ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం, ఒకవైపు చేయి, కాలు పట్టు తప్పడం ఉంటే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

దేశంలో 2017లో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తెలంగాణ తొలి రాష్ట్రాల్లో ఒకటి. బస్తీ దవాఖానాలో బీపీ పరీక్ష ఉచితం, పట్టుమని పది నిమిషాల పని. ఈ వారం కోచింగ్‌కి వెళ్లే దారిలోనే ఓసారి ఆగండి. అమ్మానాన్నల్లో ఎవరికైనా బీపీ ఉంటే మీకు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి అస్సలు వాయిదా వేయకండి. వాళ్లు చూపించుకుని చాన్నాళ్లయితే వాళ్లనీ వెంటబెట్టుకెళ్లండి.