వదలని ఎరుపు

వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టల మీద నిజాం కాలంలో క్షయ రోగుల కోసం శానిటోరియం కట్టారు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి తప్ప గట్టి మందు లేని రోజులవి. తర్వాత మందులొచ్చాయి, గుట్టల గాలితో పని తగ్గింది. తెమడను గాజు పలక మీద పూసి, రంగు పోసి మైక్రోస్కోపులో చూసే పద్ధతి మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. కొత్త యంత్రాలు వచ్చాక దీనికి కాలం చెల్లిందనే మాట వినిపిస్తోంది. ఆ మాట సగమే నిజం. రంగు కణాన్ని కంటికి చూపించి ఊరుకోదు, దాని గోడ ఎలాంటిదో పరీక్షిస్తుంది. ఆ పరీక్ష ఏ ప్రశ్నకు జవాబిస్తుందో తెలుసుకుంటే దాన్ని ఎక్కడ ఉంచాలో, ఎక్కడ పక్కన పెట్టాలో తేలిపోతుంది.

బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం నీళ్లే. వెలుతురు దాని గుండా దాదాపు అలాగే దాటిపోతుంది కాబట్టి వెయ్యి రెట్లు పెంచి చూసినా చుట్టూ ఉన్న ద్రవానికీ దానికీ తేడా కంటికి ఆనదు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుగొన్నట్టు ప్రకటించగలిగాడంటే, దానికి రంగు పట్టించే దారి దొరకడం అందుకు పెద్ద కారణం. అదే ఏడాది పాల్ ఎర్లిక్ ఆ దారిని మెరుగుపరిచాడు. ఆ తర్వాత జీల్, నీల్సన్ దిద్దిన పద్ధతే నేటికీ టీబీ ల్యాబుల్లో వాడుకలో ఉంది. తెమడలో చీములా పచ్చగా ఉన్న తునకను ఎంచి స్లైడు మీద పలచగా పూస్తారు. ఆరాక మంట మీదుగా పోనిచ్చి, పూత ఊడిపోకుండా చేస్తారు. ఎర్రటి కార్బాల్ ఫుక్సిన్ పోసి కింద నుంచి సెగ చూపుతారు. ఆవిరి లేవాలి, మరగకూడదు. ఫినాల్, వేడి కలిసి రంగును క్రిమి గోడలోకి చొప్పిస్తాయి. కాసేపటికి కడిగి 25 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే మిగతా కణాలు ఎరుపును వదిలేస్తాయి. మైనం లాంటి మైకాలిక్ ఆమ్లాలు గోడ నిండా ఉన్న క్షయ క్రిమి వదలదు. చివర మిథిలీన్ బ్లూ పోస్తే నీలి నేల మీద సన్నటి ఎర్ర కడ్డీలు తేలతాయి.

1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ చెప్పిన పద్ధతిదీ ఇదే తర్కం. క్రిస్టల్ వయొలెట్, అయొడిన్ వేసి ఆల్కహాల్‌తో కడిగితే దళసరి గోడ ఉన్న బ్యాక్టీరియా ఊదా రంగును నిలుపుకుంటుంది, పలచటి గోడది వదిలేసి తర్వాత వేసే గులాబీ రంగు తీసుకుంటుంది. తాండూరు కంది వేర్లకు నత్రజని అందించే బుడిపెల్లోని రైజోబియం రకాలు ఈ గులాబీ గుంపువే. అయితే గులాబీ రంగు గుంపును చెబుతుందే తప్ప పేరు చెప్పదు. కలరా క్రిమి కూడా గులాబీగానే కనిపిస్తుంది.

రంగు లేకుండానే గొప్ప సంగతులు బయటపడలేదా అని అడగవచ్చు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించింది నల్లటి రేణువుల ఆధారంతో. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను తిన్నాక పరాన్నజీవిలో మిగిలే వర్ణకమది. అంటే ఆ జీవి తన రంగు తానే తెచ్చుకుంది. క్షయ క్రిమికి ఆ సౌకర్యం లేదు. రంగే కణాన్ని చంపి, వికారం చేసి చూపుతుందన్న అభ్యంతరంలోనూ నిజముంది. గీతలు పడ్డ స్లైడు, వడపోయని రంగులోని మడ్డి కూడా క్రిమిలా భ్రమింపజేస్తాయి. అందుకే కొత్తగా కలిపిన రంగును, క్రిములున్నాయనీ లేవనీ ముందే తేలిన స్లైడ్ల మీద ప్రయత్నించి చూస్తారు. అవి చెప్పాల్సింది చెబితేనే రోగి స్లైడుకు వెళతారు.

బలమైన అభ్యంతరం, క్రిమి డీఎన్‌ఏను యంత్రంతో వెతికే సీబీనాట్, ట్రూనాట్ పరీక్షల నుంచి వస్తుంది. స్లైడులో క్రిమి కనబడాలంటే మిల్లీలీటరు తెమడలో సుమారు 5,000 నుంచి 10,000 క్రిములుండాలి. సీబీనాట్‌కు వంద పైచిలుకు చాలు. పైగా రిఫాంపిసిన్ మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా అది చెబుతుంది. స్లైడు ఆ మాట చెప్పలేదు, క్షయ క్రిమిని దాని దగ్గరి బంధువుల నుంచి విడదీయలేదు. కాబట్టి మొదటి నిర్ధారణకు అవకాశమున్న చోటల్లా కొత్త పరీక్షే సరైనది. కానీ వైద్యం మొదలయ్యాక ప్రశ్న మారుతుంది. చచ్చిన క్రిమి డీఎన్‌ఏ కూడా యంత్రంలో పాజిటివ్ చూపవచ్చు గనుక మందు పనిచేస్తోందో లేదో చూడటానికి అది నప్పదు. స్లైడులో లెక్క ఉంటుంది. మైక్రోస్కోపులో ఒకసారికి కనిపించే మేరను ఫీల్డు అంటారు. ఒక్కో ఫీల్డులో పదికి మించి క్రిములుంటే 3+, వంద ఫీల్డుల్లో తొమ్మిదికి మించకుంటే స్కాంటీ అని రాస్తారు. స్లైడు కూడా చచ్చిన క్రిమిని బతికిన దాని నుంచి విడదీయలేదు, నిజమే. అయినా నెలలు గడిచేకొద్దీ అంకె తగ్గుతోందా, నిలిచిపోయిందా అన్నది డాక్టరుకు పనికొచ్చే సమాచారం. నిలిచిపోతే క్రిమిని పెంచి చూసే కల్చర్‌కు, మందుల పరీక్షకు పంపాలి. ఆ అంకె నమ్మదగినదిగా ఉండాలంటే వంద ఫీల్డులు చూడకుండా నెగెటివ్ రాయని టెక్నీషియన్, తాజాగా వడపోసిన రంగు కావాలి. కొత్త యంత్రం వచ్చిందని ఈ రెంటి మీదా శ్రద్ధ తగ్గిస్తే, రోగం పట్టుకోవడంలో ముందుకు వెళ్లి, అది తగ్గిందో లేదో చెప్పడంలో వెనకబడతాం.