డ్రై గిటార్ సిగ్నల్: ముందు రికార్డింగ్, తరవాత రీ-ఆంపింగ్

విశాఖపట్నంలో ఇంట్లో ఎలక్ట్రిక్ గిటార్ రికార్డు చేసుకొనే విద్యార్థికి ఎదురయ్యే మొదటి చిక్కు సంగీతానికి సంబంధించింది కాదు. అపార్ట్‌మెంట్‌లో పక్కింటివారికి నిద్ర కావాలి. మే నెల ఉక్కలో ఫ్యాను ఆపితే చెమటకు వేళ్లు తీగల మీద జారతాయి. ఫ్యాను వేసి ఆంప్లిఫయర్ ముందు మైకు పెడితే దాని మోత, వీధి కుక్కల అరుపులు పాటలో చేరతాయి. అందుకని వాయించడాన్ని, నాదగుణాన్ని వేరు చేస్తాం. గిటార్ నుంచి వచ్చే సంకేతాన్ని ఏ మార్పూ లేకుండా రికార్డు చేస్తే అది డ్రై సిగ్నల్. వీలు దొరికిన రోజున దాన్ని ఆంప్లిఫయర్‌లోకి పంపి, మైకుతో మళ్లీ రికార్డు చేయడమే రీ-ఆంపింగ్.

ఇంటర్మీడియట్‌లో చదివిన విద్యుదయస్కాంత ప్రేరణను గుర్తుచేసుకోండి. ఉక్కు తీగ పికప్ అయస్కాంతం మీద కంపించినప్పుడు, వేల చుట్లున్న సన్నని రాగి తీగచుట్టలో వోల్టేజి పుడుతుంది. పికప్ ప్రధానంగా తీగ కదలికను గ్రహిస్తుంది, గదిలోని శబ్దాన్ని కాదు. కాబట్టి ఫ్యాను తిరుగుతున్నా ఫరవాలేదు. అయితే కొన్ని ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ల విద్యుత్ రొద, 50 హెర్ట్జ్ కరెంటు గుయ్యిమనడం మాత్రం పికప్‌లోకి వస్తాయి. కూర్చున్న కుర్చీని మెల్లగా తిప్పి చూడండి. రొద బాగా తగ్గే దిక్కు ఒకటి దొరుకుతుంది. ఇదంతా గిటార్‌కే పరిమితం కాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక సంగీతం పలికించిన ఎలక్ట్రిక్ మాండలిన్ కూడా పికప్ ఉన్న వాద్యమే.

ఆడియో ఇంటర్‌ఫేస్‌లో విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇన్‌పుట్ ఎంపికలో. తీగచుట్టకు ప్రేరకత్వం ఉంటుంది కనుక పౌనఃపున్యంతో పాటు పికప్ అవరోధం పెరుగుతుంది. దాన్ని సుమారు 10 కిలో ఓమ్‌ల లైన్ ఇన్‌పుట్‌కు కలిపితే ముందుగా పోయేది ట్రెబులే. గిటార్ దుప్పటి కింద నుంచి పలికినట్టుంటుంది. ‘ఇన్‌స్ట్రుమెంట్’ అని గుర్తున్న, సుమారు 1 మెగా ఓమ్ అవరోధం గల ఇన్‌పుట్‌నే వాడాలి. 24 బిట్లలో రికార్డు చేయండి. సిద్ధాంతరీత్యా 16 బిట్లకు 96 డెసిబెల్స్ వ్యాప్తి ఉంటే, 24 బిట్లకు 144 ఉంటుంది. కనుక స్థాయి పెంచాలన్న ఆత్రం అక్కర్లేదు. గట్టిగా మీటినప్పుడు మీటరు మైనస్ 12, మైనస్ 6 మధ్య ఆగితే చాలు. సున్నా దాటితే తరంగ శిఖరాలు తెగిపోతాయి. తెగినవి తిరిగి రావు.

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన మిత్రుడొకడు గిటార్ బాగా వాయించేవాడు. అతని బాణీ ఒకటి నేను మైకుతో, ఆంప్లిఫయర్ డిస్టార్షన్ నిండుగా పెట్టి రికార్డు చేశాను. రెండోది యాదృచ్ఛికంగా డ్రైగా చేశాను. తరవాత పక్షవాతం వచ్చి అతని ఎడమచెయ్యి పట్టు కోల్పోయింది. మొదటి బాణీ మోతతో సహా అలాగే ఉండిపోయింది. రెండోదాన్ని నిరుడు అతని ఎదుటే రీ-ఆంప్ చేశాం. "గురూ, ట్రెబుల్ కొంచెం తియ్యి, చెవిలో గుచ్చుకుంటోంది" అంటూ కుడిచేత్తో తనే మీటలు తిప్పాడు.

డ్రైగా రికార్డు చేయడమంటే డ్రైగా వింటూ వాయించమని కాదు. డిస్టార్షన్ వినబడకపోతే వేలి ఒత్తిడి మారిపోతుంది. హెడ్‌ఫోన్‌లో సాఫ్ట్‌వేర్ ఆంప్లిఫయర్ శబ్దం వినండి, ట్రాక్‌లో మాత్రం డ్రై సిగ్నలే నిలవాలి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల బఫర్ అంటే సుమారు 2.7 మిల్లీసెకన్లు. రానూపోనూ కలిపితే ఆలస్యం ఇంకాస్త పెరిగినా వాయించడానికి అడ్డు కాదు.

ఇక తిరుగు ప్రయాణం. ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్‌పుట్ స్థాయి ఎక్కువ, అవరోధం తక్కువ. ఆంప్లిఫయర్ ఎదురుచూసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. మధ్యలో రీ-ఆంప్ బాక్స్ ఉండాలి. 1990లలో అమెరికా సౌండ్ ఇంజనీరు జాన్ కునిబెర్టీ ఈ పరికరాన్ని ప్రాచుర్యంలోకి తెచ్చారు. అందులోని ట్రాన్స్‌ఫార్మర్ గ్రౌండ్ లూపును కూడా తెంచుతుంది. అవుట్‌పుట్‌ను సున్నా నుంచి మెల్లగా పెంచండి. ఆంప్లిఫయర్ స్పీకర్ అవుట్‌ను ఇంటర్‌ఫేస్‌కు ఎప్పుడూ కలపకండి; పరికరం కాలిపోవచ్చు. కొత్త ట్రాక్ డ్రై ట్రాక్ కన్నా కొద్దిగా వెనకబడుతుంది, ముందుకు జరిపి సరిచేసుకోండి.

ఈ పద్ధతికి పరిమితి లేకపోలేదు. స్పీకర్ ధ్వనికి తీగ స్పందించి పుట్టే ఫీడ్‌బ్యాక్ తరవాత రాదు. కొన్ని ఫజ్ పెడల్స్ పికప్ అవరోధంతో ముడిపడి పనిచేస్తాయి కనుక రీ-ఆంపింగ్‌లో వేరుగా పలుకుతాయి. అటువంటి వాటిని వాయించేటప్పుడే రికార్డు చేయడం మేలు.

అభ్యాసం: ఒకే బాణీని లైన్ ఇన్‌పుట్‌లో ఒకసారి, ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌లో ఒకసారి రికార్డు చేయండి. రెంటి స్థాయిలను సమానం చేసి విని, ట్రెబుల్‌లో గమనించిన తేడాను అవరోధం ఆధారంగా పది వాక్యాలలో వివరించండి.