అప్పునకు హద్దు, నిలువకు గడువు

లెక్కలన్నియు “ఇంతకు ఇంత సమము” అని తేలునవి కావు. ఎంతకుఁ దక్కువ పండరాదు? ఎంతకు మించి అప్పు చేయరాదు? ఎన్ని మాసములు దాఁటి ధాన్యము నిలువ యుంచరాదు? సేద్యమునఁ దఱచుగా వచ్చు ప్రశ్నలివి. వీనికి జవాబు ఒక సంఖ్య కాదు, ఒక హద్దు. ఇట్టి లెక్కలను అసమీకరణము లందురు. వీనియందు వాడు >, < గుర్తులు 1631లో, ఆంగ్ల గణితజ్ఞుఁడు థామస్ హారియట్ మరణించిన పదియేండ్లకు, ఆయన గ్రంథమున అచ్చుపడినవి.

ఒక రైతు రెండెకరముల వరికై సంఘమునుండి 40,000 రూపాయలు, సాలునకు నూటికి 8 రూపాయల వడ్డీపై, ఆఱు మాసములకుఁ దెచ్చె ననుకొందము. తీర్పవలసినది 41,600. తిండిగింజలకు 8 క్వింటాళ్లు ఇంట నుంచి, మిగిలినది క్వింటాలు 2,100 చొప్పున నమ్మును. మొత్తము పంట ‘ప’ క్వింటాళ్లనిన,

2,100 (ప – 8) ≥ 41,600
ప – 8 ≥ 19.81
ప ≥ 27.81

అనఁగా సుమారు 28 క్వింటాళ్లు, ఎకరమునకు 14, పండిననే ఋణము తీరును.

కాని కాలము కాని యేఁట ఆ పొలము ఎకరమునకు 12 మాత్రమే యిచ్చునేని? 24లో తిండికి 8 పోఁగా 16 క్వింటాళ్లకు 33,600 వచ్చును. అప్పు ‘అ’ అనిన,

1.04 అ ≤ 33,600
అ ≤ 32,307

కావున 32,000 దాఁటకుండుట క్షేమము. పంటను పై సంఖ్యకును, అప్పును క్రింది సంఖ్యకును సవరించుకొనవలెను. మంచియేఁటి పంటను జూచి అప్పు చేసినవాఁడు చెడ్డయేఁట పశువుల నమ్ముకొనును.

ఇఁక నిలువ సంగతి. నేఁటి ధర 2,100. మున్ముందు 2,300 వచ్చునని ఆశ. క్వింటాలునకు నెలకు గిడ్డంగి బాడుగ 8, ఆగిన సొమ్ముపై వడ్డీ 14, తరుగు 3, వెరసి 25 రూపాయలు. మాసములు ‘మ’ అనిన,

2,300 – 25 మ ≥ 2,100
– 25 మ ≥ – 200
మ ≤ 8

ఇచట గుర్తు తిరుగఁబడినది చూడుఁడు. ఋణసంఖ్యతో భాగించినపు డిట్లే యగును. మూఁడు రూపాయల ఆస్తి రెండింటికంటె ఎక్కువ. మూఁడు రూపాయల అప్పు గలవాఁడు రెండు రూపాయల అప్పు గలవానికంటెఁ దక్కువవాఁడే కదా! ఆశించిన ధర నాలుగవ నెలలో వచ్చిన క్వింటాలునకు 100 మిగులును. ఎనిమిదవ నెలలో వచ్చిన లాభము సున్న.

పై యంకెలు ఉదాహరణములు మాత్రమే. అప్పు దరఖాస్తు వ్రాయుటకు ముందు మీ పొలము, మీ యిల్లు, మీ ధరలనుబట్టి ఈ హద్దులను గట్టుకొనుఁడు.