జీవావరణ అనుక్రమం

జీవావరణ అనుక్రమం అనగా ఒక ప్రదేశంలోని మొక్కలు, జంతువుల సముదాయం కాలక్రమేణా మరొక సముదాయానికి చోటిచ్చే ప్రక్రియ. ముందు వచ్చిన జీవులు నేలను, నీడను, తేమను మార్చడం వలన తరువాతి వాటికి అనుకూలత ఏర్పడుతుంది. కొన్నిసార్లు ముందు వచ్చినవే తరువాతి వాటిని అడ్డుకుంటాయి. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు, సి.బెళగల్ ప్రాంతాలు ఈ రెండింటినీ అర్థం చేసుకోవడానికి తగిన ఉదాహరణలు.

ప్రాథమిక అనుక్రమం

మట్టి ఏమాత్రం లేని చోట మొదలయ్యేది ప్రాథమిక అనుక్రమం. ఆదోని కోట కొండల వంటి నగ్న శిలలపై మొదట లైకెన్లు పెరుగుతాయి. మసాలాలో వాడే రాతిపువ్వు కూడా ఒక లైకెనే. ఇవి స్రవించే ఆమ్లాలకు రాయి మెల్లగా కరుగుతుంది. పగుళ్ళలో చేరిన మట్టిలో నాచుమొక్కలు, ఆపై గడ్డి వస్తాయి. దీనికి శతాబ్దాలు పట్టవచ్చు.

ద్వితీయ అనుక్రమం

మట్టి, విత్తనాలు మిగిలి ఉన్న చోట మార్పు వేగంగా జరుగుతుంది. సాగు మానిన బీడులో మొదట ఏకవార్షిక గడ్డి, కలుపు మొక్కలు, తరువాత గరిక, జిల్లేడు, తంగేడు, రేగు వస్తాయి. రేగు ముళ్ళపొదలు ఇక్కడ కీలకమైనవి. వేపపండ్లు తిన్న పక్షులు వాటిపై వాలి విత్తనాలు జారవిడుస్తాయి. మొలిచిన వేపమొక్కను మేకల నోటికి అందకుండా ఆ ముళ్ళే కాపాడుతాయి.

సి.బెళగల్ మండలం తుంగభద్ర దక్షిణపు ఒడ్డున ఉన్నది. ఇటువంటి నదులలో ఇసుక దిబ్బలపై రెల్లు, తడి అంచులలో తుంగ, జమ్ము మొదట స్థిరపడతాయి. 2009 అక్టోబరులో మంత్రాలయాన్ని, కర్నూలు నగరాన్ని ముంచెత్తిన వరద వంటిది వస్తే దిబ్బలే చెదిరిపోయి, అనుక్రమం మళ్ళీ మొదటికి వస్తుంది.

చరమదశ

ప్రతి ప్రాంతపు వృక్షజాలం అక్కడి శీతోష్ణస్థితికి తగిన ఒకే స్థిరమైన చరమదశకు చేరుతుందని అమెరికా శాస్త్రవేత్త ఫ్రెడెరిక్ క్లెమెంట్స్ 1916లో ప్రతిపాదించాడు. హెన్రీ గ్లీసన్ 1926లో దీనిని విభేదించి, యాదృచ్ఛికతకు ప్రాధాన్యమిచ్చాడు. పశువుల మేత, వంటచెరకు నరకడం ఏనాడూ ఆగని రాయలసీమకు క్లెమెంట్స్ సిద్ధాంతం అంతగా సరిపోదు. బట్టమేకపిట్ట కొరకు 1988లో ఏర్పడిన రోళ్ళపాడు అభయారణ్యంలో (ప్రస్తుతం నంద్యాల జిల్లా) కావలసినది అడవి కాదు, పొట్టిగడ్డి మైదానమే. అంటే అక్కడ అనుక్రమాన్ని మధ్యలోనే నిలిపి ఉంచవలసి వస్తుంది.

సర్కారు తుమ్మ

బీడును వదిలేస్తే దానంతటదే అడవి అవుతుందనే నమ్మకాన్ని వమ్ము చేసిన చెట్టు ఇది. అమెరికా ఖండాలకు చెందిన దీనిని వంటచెరకు కొరకు మద్రాసు ప్రెసిడెన్సీ అటవీశాఖ తెప్పించి, 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటించింది. తీయని కాయలను పశువులు తింటాయి. గట్టి విత్తనాలు అరగక పేడతో పాటు దూరదూరాలకు చేరుతాయి. లోతైన వేళ్ళతో కరువును తట్టుకొని, దట్టమైన నీడతోను, రాలిన ఆకులతోను ఇతర మొక్కలను మొలవనివ్వదు. రేగు వలె వేపకు చోటివ్వక అనుక్రమాన్ని తన వద్దే ఆపుతుంది. అయితే బొగ్గు కాల్చి జీవించే పేద కుటుంబాలకు ఇదే ఆధారం.

పైపైన నరికితే మోడు నుండి అనేక కొమ్మలు చిగురించి పొద మరింత చిక్కబడుతుంది. మొదలంటా పెకలించినా నేలలోని విత్తనాలు చాలా ఏళ్ళు సజీవంగా ఉంటాయి. కనుక తొలగించిన వెంటనే గడ్డి, వేప, నల్లతుమ్మ వంటివి నాటి, కొత్త మొలకలను ఏటా పీకుతూ ఉండాలి.